వక్త పరిచయం వెనుక చరిత్ర: భారతదేశంలో పశువైద్య నిపుణుల వృత్తి నేపథ్యాలు

ఉపోద్ఘాతం

పశువైద్యుల నిరంతర విద్యా సదస్సు ఎక్కడ జరిగినా ప్రసంగానికి ముందు వక్తను పరిచయం చేయడం ఆనవాయితీ. పట్టా పొందిన కళాశాల, స్నాతకోత్తర విద్యలో ఎంచుకున్న విభాగం, క్షేత్రంలో పనిచేసిన కాలం, విదేశీ శిక్షణ, ప్రస్తుత హోదా వరుసగా చదువుతారు. సభ మర్యాదగా వింటుంది, ప్రసంగం మొదలవగానే మరచిపోతుంది. కాని ఆ పరిచయంలో వినిపించే ప్రతి అంశం వెనుకా సుదీర్ఘమైన వాదన ఒకటి ఉంది. పశువు జబ్బు గురించి అధికారంతో మాట్లాడే హక్కు ఎవరికి ఉంది? గుర్రాల మధ్య పెరిగినవారికా, మనుషుల వైద్యం చదివినవారికా, లండన్ పట్టా ఉన్నవారికా, మద్రాసు పట్టా ఉన్నవారికా? పద్దెనిమిదో శతాబ్ది చివరినుంచి ఇరవయ్యో శతాబ్ది చివరివరకు ఈ ప్రశ్నకు కాలానికొక సమాధానం వచ్చింది. ఆ సమాధానాలను బట్టే జీతాలు, హోదాలు నిర్ణయమయ్యాయి. రైతు కొట్టంలోని ఎద్దు బతుకు కూడా కొంతమేరకు వాటిమీదే ఆధారపడింది.

గుర్రపుశాల నుంచి పట్టా వరకు

ఈ దేశంలో అశ్వవైద్యం శాలిహోత్రుని పేరుతో ముడిపడిన విద్య. గుర్రాల వైద్యులకు ఉత్తరాదిన స్థిరపడిన ‘సాలోత్రి’ అనే పేరు ఆయన పేరునుంచి వచ్చిందే. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రాన్ని పద్యకావ్యంగా రచించాడు. రాజుల కొలువులో గుర్రానికున్న విలువవల్ల ఆ విద్య గ్రంథస్థమైంది. ఎద్దుకు, గేదెకు, గొర్రెకు చేసే వైద్యం మాత్రం చాలావరకు కాపరుల నోట, పసరుమందులవారి చేతుల్లో, వాతలు పెట్టేవారి అనుభవంలో నిలిచింది.

ఐరోపాలోనూ ఆరంభం గుర్రంతోనే. 1761లో అనుమతి పొంది మరుసటి ఏడు లియోన్‌లో మొదలైన తొలి పశువైద్య పాఠశాల స్థాపకుడు క్లోద్ బూర్జెలా న్యాయశాస్త్రం చదివినవాడు, స్వారీ విద్యాలయానికి అధిపతి. 1791లో ఏర్పడిన లండన్ పాఠశాలకు అధిపతిగా వచ్చిన ఫ్రెంచి పశువైద్యుడు సాంబెల్ రెండేళ్లకే మరణించాడు. తరువాత ఆ పీఠం దక్కిన ఎడ్వర్డ్ కోల్‌మన్ మనుషుల శస్త్రవైద్యుడు. ఆయన 1839 వరకు ఆ పదవిలో కొనసాగాడు. పశువైద్యులను తయారుచేసే సంస్థకు నాలుగు దశాబ్దాలకు పైగా పశువైద్యుడు కానివాడు అధిపతిగా ఉండడం విచిత్రమే. ఆ కాలం దానిని విచిత్రంగా భావించలేదు.

భారతదేశానికి వచ్చిన పట్టభద్ర పశువైద్యులలో తొలి ప్రముఖుడు విలియం మూర్‌క్రాఫ్ట్ జీవితం ఈ కలగలుపుకు మంచి ఉదాహరణ. లివర్‌పూల్‌లో శస్త్రవైద్యం నేర్చుకుంటున్న దశలో ఆయన పశువైద్యం వైపు మళ్లాడు, లియోన్ వెళ్లి చదివాడు. పశువైద్య విద్యార్హత పొందిన మొదటి ఆంగ్లేయుడిగా గుర్తింపు పొందాడు. లండన్‌లో ప్రాక్టీసు పెట్టి బాగా గడించిన తరువాత 1808లో బీహారులోని పూసాలో ఈస్టిండియా కంపెనీ అశ్వక్షేత్రానికి పర్యవేక్షకుడిగా వచ్చాడు. కంపెనీకి కావలసింది సైన్యానికి గుర్రాలు. మేలుజాతి గుర్రాల అన్వేషణ ఆయనను టిబెట్టుకు, లడాఖ్‌కు, చివరకు బుఖారాకు నడిపించింది. 1825లో తిరుగు ప్రయాణంలో మరణించాడు. చరిత్రకారులు ఆయనను ఎక్కువగా యాత్రికుడిగానే స్మరించడం వల్ల పశువైద్యుడి కోణం మరుగున పడింది.

1863లో ఎడిన్‌బరోకు చెందిన జాన్ గామ్‌జీ పిలుపుమీద హాంబర్గ్‌లో తొలి అంతర్జాతీయ పశువైద్య మహాసభ జరిగింది. పది దేశాలనుంచి వందమందికి పైగా పశువైద్యులు హాజరయ్యారు. అంటువ్యాధుల నివారణ, పశువుల వ్యాపారంపై నియమాలు అక్కడ చర్చకు వచ్చాయి. ఈనాటి ప్రపంచ పశువైద్య సంఘం తన మూలాన్ని ఈ సభలోనే చూపుతుంది. రిండర్‌పెస్ట్ తమ దేశానికి వచ్చే ప్రమాదం ఉందన్న గామ్‌జీ హెచ్చరికను బ్రిటన్ పెద్దగా పట్టించుకోలేదు. 1865లో ఆ మహమ్మారి బ్రిటన్‌లో ప్రవేశించి పశుసంపదను తుడిచిపెట్టసాగింది. పశువైద్యుడి మాటకు విలువ లేకపోతే ఏమవుతుందో అక్కడి పాలకులకు అప్పుడు తెలిసివచ్చింది.

సూక్ష్మదర్శిని ముందు ఎవరు?

ఆ మహమ్మారి భారతదేశానికి కొత్తది కాదు. 1869లో ప్రభుత్వం నియమించిన పశుమారి కమిషన్‌కు సైనిక పశువైద్యుడు జె.హెచ్.బి. హాలెన్ అధ్యక్షత వహించాడు. 1871లో వెలువడిన నివేదిక దేశమంతటా పశునష్టం ఎంత విస్తృతంగా ఉందో చూపింది. అయినా చర్య మందగమనంతోనే సాగింది. 1890ల ఆరంభంలో ఏర్పడిన సివిల్ పశువైద్య శాఖ కూడా తొలి సంవత్సరాలలో గుర్రాల పెంపకానికే ఎక్కువ ప్రాధాన్యమిచ్చింది. 1903లో ఆ బాధ్యత సైన్యానికి బదిలీ అయ్యాకే శాఖ దృష్టి రైతు పశువు మీదికి మళ్లే వీలు కలిగింది.

ప్రయోగశాలలో ఎవరు కూర్చోవాలన్న పోటీ ఇంకా ఆసక్తికరం. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్ వద్ద గుర్రాలను, ఒంటెలను పీడిస్తున్న ‘సుర్రా’ జబ్బును సైనిక పశువైద్యుడు గ్రిఫిత్ ఎవాన్స్ పరిశోధించాడు. రోగగ్రస్త పశువుల నెత్తురులో కదలాడే పరాన్నజీవిని కనుగొని వ్యాధికి అదే కారణమని ప్రకటించాడు. రోగకారకమైన ట్రిపనోసోమ్‌ను గుర్తించడం ప్రపంచంలో అదే మొదలు. ప్రభుత్వ వైద్యవర్గాలు ఆ నిర్ధారణను వెంటనే ఒప్పుకోలేదు. నెత్తురులో కనిపించినంతమాత్రాన అది రోగకారణం కాజాలదన్నది వారి ధోరణి. ఎవాన్స్ లండన్‌లో పశువైద్య పట్టా పొందడమే కాక కెనడాలోని మెక్‌గిల్‌లో మానవ వైద్యం కూడా చదివాడు. రెండు పట్టాలూ ఉన్న వ్యక్తికే ఇంత ఎదురైతే, ఒక్క పశువైద్య పట్టా ఉన్నవాడి మాట ఎంతవరకు చెల్లేదో ఊహించవచ్చు. ఆ పరాన్నజీవి నేడు ట్రిపనోసోమా ఎవాన్సై పేరుతోనే పాఠ్యపుస్తకాల్లో ఉంది.

1889లో పూనాలో స్థాపించిన ఇంపీరియల్ బ్యాక్టీరియలాజికల్ లాబొరేటరీ అధిపతిగా ఆల్‌ఫ్రెడ్ లింగార్డ్ నియమితుడయ్యాడు. పశువ్యాధుల పరిశోధనకే ఏర్పడిన ఆ సంస్థకు తొలి అధిపతి మానవ వైద్యుడు. ప్రమాదకర సూక్ష్మజీవులతో జరిగే పనిని జనావాసాలకు దూరంగా ఉంచేందుకు 1893లో ప్రయోగశాలను కుమాయూన్ కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. దక్షిణాఫ్రికాలో రిండర్‌పెస్ట్‌పై పనిచేసిన రాబర్ట్ కోఖ్ 1897లో ప్లేగు పరిశోధన నిమిత్తం ఈ దేశానికి వచ్చినప్పుడు ముక్తేశ్వర్‌ను కూడా దర్శించాడు. ఆ శతాబ్ది చివర లింగార్డ్ స్థానంలో తాత్కాలికంగా పనిచేసిన లియొనార్డ్ రోజర్స్ సైతం ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడే. 1907 ప్రాంతంలో జె.డి.ఇ. హోమ్స్ బాధ్యతలు చేపట్టాక ఆ పీఠం పశువైద్యుల చేతికి వచ్చింది.

వైద్యులను ఇందుకు తప్పుపట్టడం తేలిక, న్యాయం మాత్రం కాదు. బ్యాక్టీరియా శాస్త్రం అప్పుడు పసిది. దానిని నేర్పే సౌకర్యం వైద్య విద్యాలయాల్లోనే ఎక్కువగా ఉండేది. పశువైద్య విద్య ఇంకా గుర్రం కుంటుతనం చుట్టూ తిరుగుతోంది. లింగార్డ్, రోజర్స్ కాలంలో రోగనిరోధక సీరంపై జరిగిన కృషి తరువాతి తరానికి పునాది అయింది. 1920లలో ముక్తేశ్వర్ అధిపతి జె.టి. ఎడ్వర్డ్స్ వైరస్‌ను మేకలలో పలుమార్లు మార్చి మార్చి పెంచి దాని తీవ్రతను తగ్గించాడు. పశువుకు జబ్బు తీవ్రం కాకుండానే దీర్ఘకాలిక రక్షణ దొరికింది. మేక ద్వారా తయారైన ఆ టీకాయే స్వతంత్ర భారతంలో 1954లో మొదలైన జాతీయ రిండర్‌పెస్ట్ నిర్మూలన కార్యక్రమానికి ఆయుధమైంది.

వేపేరి పట్టభద్రులు

లాహోరు (1882), బొంబాయి (1886), బెంగాల్ (1893) కళాశాలల తరువాత 1903 అక్టోబరు 1న మద్రాసు పశువైద్య కళాశాల ఇరవైమంది విద్యార్థులతో ప్రారంభమైంది. తెలుగు జిల్లాలకు అర్ధశతాబ్దం పాటు అదే దిక్కు. అక్కడ మూడేళ్ల చదువు తరువాత ఇచ్చే జి.ఎం.వి.సి. డిప్లొమాతో విద్యార్థి బయటకు వచ్చి ‘వెటర్నరీ అసిస్టెంట్’ అయ్యేవాడు. లండన్ రాయల్ కాలేజీ సభ్యత్వాన్ని సూచించే ఎం.ఆర్.సి.వి.ఎస్. అనే అక్షరాలున్నవారికే ఉన్నత సర్వీసు ద్వారాలు తెరుచుకునేవి. జాతి, పట్టా, పదవి ఒకదానినొకటి బలపరిచిన వ్యవస్థ ఇది. జిల్లాలో ఊరూరూ తిరిగి సీరం సూది వేసేవాడు భారతీయ అసిస్టెంటు, నివేదికపై సంతకం చేసేవాడు ఆంగ్లేయ సూపరింటెండెంటు.

1919 మార్చిలో లాహోరులో భారత పశువైద్యాధికారుల మొదటి సమావేశం జరిగింది. రెండవది 1923లో కలకత్తాలో. వృత్తి సమస్యలపై నిపుణులు కలిసి చర్చించే పద్ధతికి ఈ దేశంలో ఇవే తొలి ప్రభుత్వ వేదికలు. ‘అధికారులు’ అన్న మాటను ఇక్కడ గమనించాలి. వ్యాధిని ప్రతిరోజూ కళ్లారా చూసేవారిలో అధికసంఖ్యాకులు ఆ మాట పరిధికి బయట ఉన్నారు. ఈ నేపథ్యంలో పి. శ్రీనివాసరావు స్థాపించిన ‘ఇండియన్ వెటర్నరీ జర్నల్’ 1924లో వెలువడడం చిన్న విషయం కాదు. సభలో పీట దొరకనివారికి పత్రికలో చోటు దొరికింది.

1936లో మద్రాసు కళాశాల విశ్వవిద్యాలయానికి అనుబంధమై దేశంలో తొలిసారి బి.వి.ఎస్‌సి. పట్టాకు మార్గం వేసింది. డిప్లొమా డిగ్రీ కావడంతో వైద్య, ఇంజినీరింగ్ పట్టాలతో సమానత్వం కోరే హక్కు ఏర్పడింది. నాటి వేతనవ్యత్యాసాల నేపథ్యంలో ఆ సమానత్వం ఆచరణలోకి రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. 1952లో ఇదే కళాశాలనుంచి పట్టా పొందిన సక్కుబాయి రామచంద్రన్ దేశపు తొలి మహిళా పశువైద్యులలో ఒకరు. బ్రిటన్‌లో ఎలీన్ కస్ట్‌కు 1922లో గుర్తింపు దక్కింది. పురుషుల బాహుబలంతో ముడిపెట్టిన వృత్తిలో వీరి ప్రవేశం ఒక ఊహను చెరిపివేసింది. నేటి సదస్సుల వేదికలపై మహిళా వక్తలు కనిపించడం అక్కడినుంచి సాగిన మార్పే.

తెలుగునేలపై 1946లో హైదరాబాదులో, 1955లో తిరుపతిలో కళాశాలలు వెలిశాయి. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు రెండూ దానిలో భాగమయ్యాయి. ఆ విశ్వవిద్యాలయ నిర్మాణంలో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సహకరించడంతో ‘విదేశీ శిక్షణ’ అంటే లండన్ అన్న పాత అర్థం మారి, అమెరికా పేరు వక్తల పరిచయాల్లో చేరింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్న నమూనా కూడా అక్కడిదే. నలభై ఏళ్ల తరువాత 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడడంతో పశువైద్యం వ్యవసాయం నీడనుంచి విడివడింది.

చట్టం గీసిన గీత

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం నిపుణుడికి చట్టబద్ధమైన నిర్వచనమిచ్చింది. గుర్తింపు పొందిన పట్టా ఉండి, రిజిస్టరులో పేరు ఉన్నవారే పశువైద్యం చేయాలి. బ్రిటన్ 1881లోనే చేసుకున్న ఏర్పాటు ఇక్కడికి రావడానికి శతాబ్దం పట్టింది. అదే చట్టంలోని 30వ సెక్షన్ ఒక కిటికీ తెరిచి ఉంచింది. డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న స్టాక్ అసిస్టెంటువంటి వారు, రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో, రిజిస్టరైన వైద్యుడి పర్యవేక్షణలో ‘చిన్నపాటి సేవలు’ అందించవచ్చు. ఆ సేవలు ఎంతవరకు చిన్నవన్న తగవు నేటికీ తీరలేదు. డాక్టరు మండల కేంద్రంలో, ఈనలేక అవస్థపడే గేదె పది కిలోమీటర్ల దూరంలో ఉన్న రాత్రి ఈ తగవు రైతుకు అర్థంకాదు. కృత్రిమ గర్భధారణ సేవలు అందించే గోపాలమిత్రల స్థితిపై వాదోపవాదాలు ఈ గీత చుట్టూనే నడుస్తున్నాయి.

గీతకు అవతలినుంచి వచ్చిన జ్ఞానం ఆగలేదు. 1987లో తమిళనాడులోని విల్లుపురం ప్రాంతంలో గొర్రెలలో రిండర్‌పెస్ట్‌ను పోలిన జబ్బు కనిపించింది. అది పి.పి.ఆర్. అనే వేరొక వ్యాధి అని, అది భారతదేశంలో ఉందని 1989లో ప్రచురించిన పరిశోధనకు నాయకత్వం వహించిన ఎం.ఎస్. శైల బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని శాస్త్రవేత్త. లింగార్డ్ కాలంలో పశువైద్యం తన తలుపులు దాటి సహాయం తీసుకోక తప్పలేదు, వందేళ్ల తరువాతా అంతే. తేడా ఏమిటంటే, ఈసారి ఆ సహాయం పెత్తనంగా రాలేదు.

రిండర్‌పెస్ట్ చివరి ఘట్టంలో ఈ ప్రశ్న మరొక రూపంలో ఎదురైంది. కెన్యాలో బ్రిటిష్ పశువైద్యుడు వాల్టర్ ప్లౌరైట్ రూపొందించిన కణవర్ధన టీకా అద్భుతంగా పనిచేసేది. ఆయనకు 1999లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. చల్లని పెట్టె లేనిచోటికి మాత్రం ఆ టీకా చేరలేకపోయింది. అమెరికన్ పశువైద్యుడు జెఫ్రీ మారినర్ వేడిని తట్టుకునే రూపాన్ని సిద్ధం చేశాడు. యుద్ధాలవల్ల డాక్టర్లు అడుగుపెట్టలేని ఆఫ్రికా ప్రాంతాల్లో దానిని మందలదాకా తీసుకువెళ్లినవారు కొద్దివారాల శిక్షణ పొందిన పశుపాలకులు. జబ్బు ఎక్కడ దాగి ఉందో చెప్పినవారూ వారే. ఎథియోపియాలోని అఫార్ ప్రాంతంలో ఈ విధంగా టీకాలు మొదలయ్యాక, 1995 తరువాత అక్కడ ఆ వ్యాధి కనిపించలేదు. భారతదేశంలో చివరి కేసు నమోదైనదీ అదే ఏడాది. ఊరూరా వెతికి జబ్బు లేదని రుజువు చేశాక 2006లో దేశానికి, 2011లో ప్రపంచానికి వ్యాధిరహిత ప్రకటన లభించింది. ఆ ప్రకటన వెలువడిన వేదికలపై శాస్త్రవేత్తల, సంస్థల పేర్లు వినిపించాయి. అఫార్ కాపరులలో ఎవరి వృత్తి నేపథ్యమూ అక్కడ ఎవరూ చదవలేదు.