సర్కారు కూడా ‘వ్యక్తే’

1/70 చట్టం పేరు వినని గూడెం మన ఏజెన్సీలో ఉండదు. గిరిజనేతరులు మన భూమి కొనరాదన్నంత వరకు అందరికీ తెలుసు. మరి పట్టా లేని కొండలు, బంజర్లు, సర్కారు పేరున ఉన్న భూములు ఎవరి చేతికి పోవచ్చు? ఈ ప్రశ్నకూ మన చరిత్రలో జవాబుంది.

తాతముత్తాతలు పోడు కొట్టుకున్న కొండలెన్నో 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అడవులయ్యాయి. కాగితాల్లో అవి సర్కారువి, బతుకు మాత్రం మనదే. తర్వాత 1917లో ఏజెన్సీ భూముల బదిలీని అదుపు చేసే చట్టం వచ్చింది. 1959 నాటి 1వ నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ ఇంకా గట్టిగా చెప్పాయి: షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుడైనా కాకపోయినా ఏ ‘వ్యక్తీ’ గిరిజనేతరులకు భూమి బదిలీ చేయరాదు.

ఆ ‘వ్యక్తి’ అన్న మాటలో సర్కారు వస్తుందా? అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని 14 ఊళ్ల పరిధిలో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చినప్పుడు ఈ తగాదా కోర్టుకెక్కింది. ‘సమత’ సంస్థ హైకోర్టులో ఓడినా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సర్కారు కూడా ‘వ్యక్తే’, ఆ లీజులు చెల్లవు అని 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మాట అది.

అయితే ఆ తీర్పే ఒక దారి తెరిచి ఉంచింది. ఖనిజాభివృద్ధి సంస్థ వంటి ప్రభుత్వ సంస్థలకు భూమి ఇవ్వవచ్చంది. అది ప్రజల ఆస్తిగానే ఉంటుందని దాని ఉద్దేశం. కాబట్టి భూమి ఒక శాఖ నుంచి మరో శాఖకు మారినప్పుడు మనం ఇంకా జాగ్రత్తగా చూడాలి. బోర్డు మీద సర్కారు పేరున్నా, తవ్వేది ఎవరో, లాభం ఎవరికో అడగాలి.

అడిగే హక్కు మనకుంది. భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద బడికో, అంగన్‌వాడీకో, రోడ్డుకో హెక్టారు లోపు అడవి భూమి ఇవ్వాలన్నా గ్రామసభ సిఫారసు కావాలి.

అందుకే గ్రామసభకు పెద్దలనే పంపి ఊరుకోవద్దు. మీరు చదువుకున్నవారు. ఉత్తర్వు ఎక్కడిదో, సర్వే నంబరు ఏదో, భూమి ఎవరి నుంచి ఎవరికి పోతోందో బిగ్గరగా చదివి వినిపించండి. అర్థం కాకుండా ఎవరినీ వేలిముద్ర వేయనీయకండి.