ఎంప్లాయీ డిస్కౌంట్ కంటే ముందు ఎంప్లాయీ క్యూ ఉండేది: అబిడ్స్, నాంపల్లి, ఒక కొత్త బండి

ఈ ఎపిసోడ్ కొత్త బండి కొనబోతున్నవాళ్ళకి. ముఖ్యంగా "మా నాన్నది గవర్నమెంట్ జాబ్, మాకు స్పెషల్ రేటు వస్తది" అనుకునేవాళ్ళకి, "మా బాబాయ్ మిలిటరీలో చేశారు, ఆయన పేరు మీద తీసుకుంటే సరిపోతుంది" అనుకునేవాళ్ళకి. రెండో బ్యాచ్ చివరిదాకా ఉండండి, మీతో పని ఉంది.

షోరూమ్‌లో అడుగుపెట్టగానే టెస్ట్ డ్రైవ్ కంటే ముందే ఒక ప్రశ్న వస్తుంది. "సార్, ఎక్కడ పనిచేస్తారు? ఐడీ కార్డు ఉందా?" ఈ ప్రశ్న కార్పొరేట్ కంపెనీలు వచ్చాక పుట్టిందనుకుంటాం. కాదు. హైదరాబాద్‌లో దీనికి అరవై ఏళ్ళకు పైగా చరిత్ర ఉంది. అప్పట్లో ఐడీ కార్డు చూపిస్తే ధర తగ్గేది కాదు, టైమ్ తగ్గేది.

అసలు అబిడ్స్ అన్న పేరే ఒక ఉద్యోగిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ ఇక్కడ దుకాణం పెట్టాడు, ఆయన పేరే ఏరియాకి నిలిచిపోయింది. నిజాం దగ్గరి సామానే ఆ దుకాణంలోకి చేరి, మళ్ళీ అమ్ముడుపోయేదని హైదరాబాద్‌లో కథలు చెప్తారు. కథలో నిజమెంతో పక్కన పెట్టండి. పెద్ద ఇంట్లో ఉద్యోగం ఉంటే వ్యాపారానికి ఎంత లాభమో ఊరికి ముందే తెలుసన్నమాట.

ఇక బండి సంగతి. స్వాతంత్ర్యం తర్వాత దేశంలో కారు అంటే అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. ఇంకేం లేవు. స్కూటర్ అంటే లాంబ్రెట్టా, వెస్పా, తర్వాత 1972లో బజాజ్ చేతక్. ఎన్ని బళ్ళు తయారుచేయాలో కంపెనీ సొంతంగా డిసైడ్ చేసుకోలేదు. లైసెన్స్‌లో ఎంత రాసి ఉంటే అంతే. కొనేవాళ్ళేమో లక్షల్లో ఉన్నారు. మామూలుగా అయితే ఇలాంటప్పుడు రేటు పెరుగుతుంది. కానీ రేటు మీద కూడా ప్రభుత్వం చెయ్యి ఉంది. అంటే సరుకు తక్కువ, ధర ఫిక్స్. మిగిలిందల్లా లైనే.

ఆ లైన్‌ని నడపడానికి కార్లకి 1959లో, స్కూటర్లకి 1960లో కేంద్రం కంట్రోల్ ఆర్డర్లు తెచ్చింది. డీలర్ తన ఇష్టం వచ్చినవాళ్ళకి అమ్మకూడదు. బుకింగ్ రిజిస్టర్ ఉండాలి, నంబర్ ప్రకారమే ఇవ్వాలి. బుక్ చేసేవాళ్ళు పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకులో డిపాజిట్ చూపించాలి. అబిడ్స్ సర్కిల్‌లో నెహ్రూ విగ్రహం పక్క నుంచి వెళ్తుంటే జీపీవో కనిపిస్తుంది కదా, మనలో చాలామందికి అది బస్ స్టాప్ గుర్తు, ఆదివారం పుస్తకాల బజార్ గుర్తు. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంటికి కొత్త స్కూటర్ దారి షోరూమ్ నుంచి కాదు, పోస్టాఫీసు కౌంటర్ నుంచి మొదలయ్యేది.

ఇక్కడే ఉద్యోగి ఎంటర్ అవుతాడు. ఉత్పత్తిలో కొంత భాగం ప్రభుత్వ కోటా కింద పక్కకి తీసిపెట్టేవాళ్ళు. జనరల్ లైన్‌లో చేతక్‌కి పదేళ్ళ దాకా ఆగినవాళ్ళు ఉన్నారు. పెళ్ళికి బుక్ చేస్తే బిడ్డ బడికి పోయే వయసులో బండి వచ్చిందని జోకులు వేసుకునేవాళ్ళు, అవి పూర్తిగా జోకులు కూడా కాదు. అదే కోటాలో పేరుంటే లైన్ చిన్నది. నాంపల్లి చుట్టుపక్కల, ఇటు అసెంబ్లీ వైపు, అటు ఎంజే రోడ్డు వైపు, సర్కారు ఆఫీసులే ఎక్కువ. ఎన్జీవోల భవన్ కూడా ఇక్కడే. ఇట్లాంటి చోట కోటా అలాట్‌మెంట్ కాగితం ఎంత పెద్ద విషయమో ఊహించండి.

దాని విలువ లెక్కేద్దాం. ఇది నా ఉదాహరణ, అప్పటి రేటు కాదు. స్కూటర్ కంపెనీ ధర 8,000 అనుకోండి. లైన్‌లో ఆగలేనివాడు బ్లాకులో 12,000 ఇవ్వడానికి రెడీ. అంటే కోటాలో 8,000కే బండి దొరికినవాడికి 4,000 లాభం. కాగితం మీద డిస్కౌంట్ సున్నా, చేతిలో డిస్కౌంట్ 4,000. అందుకే కొన్న కొత్త బండిని కొంతకాలం దాకా అమ్మకూడదని రూల్ పెట్టాల్సి వచ్చింది. లేకపోతే బండి నడపడానికి కాదు, తిరిగి అమ్మడానికే కోటా వాడుకునేవాళ్ళు.

మరి ఫిక్స్‌డ్ ధర ఎంత ఉండాలి? దీని మీద కార్ల కంపెనీలు సుప్రీంకోర్టుకే వెళ్ళాయి. ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో 1971లో తీర్పు వచ్చింది. అంటే ఫియట్ రేటులో ఏ ఖర్చు కలపాలి, కంపెనీకి లాభం ఎంత మిగలాలి అని దేశంలో అతిపెద్ద కోర్టు కూర్చుని లెక్కలు చూసిందన్నమాట. మనం సేల్స్‌మన్‌తో "ఇంకో రెండు వేలు తగ్గించు బాస్" అని ఆడే బేరం, అప్పుడు లాయర్లు ఆడారు.

ఫ్యామిలీ ప్రైస్ కూడా ఉండేది, వేరే రూపంలో. దేశానికి డాలర్ల కరువు కదా, విదేశీ మారకంలో డబ్బు కడితే బండి త్వరగా ఇచ్చే పద్ధతి ఉండేది. నాంపల్లి, మల్లేపల్లి ఇళ్ళల్లోంచి 70ల తర్వాత ఎంతమంది గల్ఫ్ వెళ్ళారో మీకు తెలుసు. గల్ఫ్‌లో అన్న ఉంటే తమ్ముడికి ఇక్కడ స్కూటర్ తొందరగా వచ్చే అవకాశం ఉండేది. నా దృష్టిలో ఇది ఐడీ కార్డు కోటా కంటే గమ్మత్తయిన సంగతి. చుట్టరికమే కరెన్సీ అయిపోయింది.

1983 డిసెంబర్ 14న మారుతి 800 మొదటి తాళం ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. దానికీ మొదట్లో లైనే. కానీ ఆ తర్వాత కంపెనీలు పెరిగాయి, 1991 సంస్కరణలు వచ్చాయి, లైన్ కరిగిపోయింది. మన దగ్గర సనత్‌నగర్ ఆల్విన్ కూడా పుష్పక్ అని స్కూటర్ తెచ్చింది. ఇంట్లో తాతయ్యని అడగండి, పేరు వినగానే ఒక కథ చెప్తారు. ఆల్విన్ మీద వేరే ఎపిసోడ్ చేయాలి, ఫ్రిజ్‌లు, వాచీలు, డబుల్ డెక్కర్ బస్సులు... ఇప్పుడు వద్దు.

లైన్ పోయాక ఉద్యోగికి మిగిలిన సౌకర్యం అప్పు. స్కూటర్ అడ్వాన్స్, కార్ అడ్వాన్స్. ప్రభుత్వం తక్కువ వడ్డీకి ఇచ్చి జీతంలో కట్ చేసుకునేది. దీంట్లో నాకు నచ్చిన పాయింట్ ఒకటుంది. బ్యాంకు ఈఎంఐలో మొదటి నెలల్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. ప్రభుత్వ అడ్వాన్స్‌లో ముందు అసలు మొత్తం తీరుతుంది, వడ్డీ తర్వాత. కేంద్ర ఉద్యోగులకి ఏడో వేతన సంఘం తర్వాత వెహికల్ అడ్వాన్స్‌లు ఆపేశారు, ఇల్లు కట్టుకునేదీ, కంప్యూటర్‌దీ ఉంచారు. బ్యాంకులు ఇస్తున్నాయి కదా, మనమెందుకని.

ఆ ఖాళీలోకి వచ్చిందే ఇప్పటి డిస్కౌంట్. ప్రభుత్వం ఇచ్చేది కాదు, కంపెనీ ఇచ్చేది. 2020 అక్టోబర్‌లో కేంద్రం ఎల్టీసీ క్యాష్ వోచర్ స్కీమ్ ప్రకటించగానే మారుతి గవర్నమెంట్ ఉద్యోగులకి 11,000 దాకా అదనపు ఆఫర్ అంది. ఎందుకు? ప్రతినెలా జీతం గ్యారంటీగా పడేవాడు షోరూమ్‌కి మంచి కస్టమర్. లోన్ రిజెక్ట్ అవదు. నేను ఐటీలో ఉన్నప్పుడు హెచ్ఆర్ నుంచి వచ్చే "కార్పొరేట్ ఆఫర్" మెయిల్ కూడా ఇదే లెక్క. అది మనకిచ్చే గౌరవం అనుకోకండి, మన పేస్లిప్‌కి ఇచ్చే గౌరవం.

అమెరికాలో ఇది ఇంకో లెవెల్. డెట్రాయిట్ దగ్గర నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన తెలుగువాళ్ళు చాలామంది కార్ల కంపెనీల్లో, వాటికి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీల్లో ఉన్నారు. ఫోర్డ్‌లో ఉద్యోగులకి ఏ-ప్లాన్, పార్ట్‌నర్ కంపెనీలవాళ్ళకి, ఫ్రెండ్స్‌కి ఎక్స్-ప్లాన్. ఆ పిన్ నంబర్ ఉంటే ధర కంపెనీయే ఫిక్స్ చేస్తుంది, డీలర్‌తో బేరమే లేదు. 2005 జూన్‌లో జనరల్ మోటార్స్ ఆ ఉద్యోగుల ధర దేశమంతా అందరికీ ఇచ్చేసింది. ఆ నెల అమ్మకాలు ముందటేడుతో పోలిస్తే 41 శాతం పెరిగాయి. ఫోర్డ్, క్రైస్లర్ కూడా వెంటపడ్డాయి. అదే జనరల్ మోటార్స్ 2009 జూన్ 1న దివాలా పిటిషన్ వేసింది. దానికి కారణాలు వేరే బోలెడు ఉన్నాయి, డిస్కౌంట్ వల్లే అని నేను అనను. కానీ ఆ ఆఫర్ అంత హిట్ అవడానికి కారణం తక్కువ ధర ఒక్కటే కాదనుకుంటా. "బేరం ఆడక్కర్లేదు, అందరికీ ఇదే రేటు" అన్న మాటకి జనం పడిపోయారు.

ఇప్పుడు బాబాయ్ విషయం. సైనికులకి క్యాంటీన్ స్టోర్స్, అదే సీఎస్‌డీ, 1948 నుంచి ఉంది. కార్ల మీద అక్కడ జీఎస్టీలో సగం మినహాయింపు. పన్నుకి ముందు ధర 8 లక్షలు అనుకుంటే, 28 శాతం జీఎస్టీ ఉన్నప్పుడు సగం అంటే 1,12,000 మిగిలేది. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల జీఎస్టీ 18కి తగ్గింది కాబట్టి ఇప్పుడు అదే లెక్కలో 72,000. అంటే అందరికీ రేటు తగ్గింది, సీఎస్‌డీకీ మామూలు షోరూమ్‌కీ తేడా కూడా తగ్గింది. పాత లెక్క తలలో పెట్టుకుని బాబాయ్ ఇంటికి పోతున్నవాళ్ళు మళ్ళీ లెక్కేసుకోండి.

అసలు సమస్య అది కాదు. అది సైనికుడికి, ఆయన సర్వీసుకి దేశం ఇచ్చే పన్ను రాయితీ. ఎన్నేళ్ళకి ఒకటి, ఎంత ధర దాకా అని పరిమితులున్నాయి. మీరు వాడితే ఆయన ఛాన్స్ ఖర్చవుతుంది. బండి ఆర్సీ ఆయన పేరు మీదే ఉంటుంది. నడిపేది మీరు. రేపు యాక్సిడెంట్ అయితే? 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు క్లియర్‌గా చెప్పింది. రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఓనర్ ఆయనే. ఆ కేసులో బండి చేతులు మారి, మారి వెళ్ళిపోయింది, పేరు మాత్రం మార్చలేదు. నష్టపరిహారం భారం రిజిస్టర్డ్ ఓనర్ మీదే పడింది.

ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుంది, నిజమే. మీరు రెన్యువల్ మర్చిపోతే? లైసెన్స్ లేని ఫ్రెండ్‌కి తాళం ఇస్తే? నోటీసు మీ ఫ్లాట్‌కి రాదు, రిటైరై ఊళ్ళో ఉన్న బాబాయ్ ఇంటికి పోతుంది. 72,000 కోసం ఆయన పెన్షన్‌ని పణంగా పెడుతున్నారు. నాకైతే ఇది డిస్కౌంట్‌లా కనిపించదు, ఆయన్నుంచి తీసుకున్న అప్పులా కనిపిస్తుంది.

సరే, మీ సొంత ఐడీతో, మీ పేరు మీదే కొంటున్నారు. షోరూమ్‌లో ఏం చూడాలి? కొటేషన్ లైన్ లైన్‌గా రాసిమ్మనండి. ఎక్స్-షోరూమ్, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ వేరువేరుగా. కార్పొరేట్ డిస్కౌంట్ ఏ లైన్‌లో తగ్గిందో వేలు పెట్టి చూపించమనండి. చాలాసార్లు ఐడీ కార్డు లేనివాడికి కూడా అదే మొత్తం వేరే పేరుతో ఇస్తుంటారు. అందుకే ఐడీ కార్డు సంగతి చివర్లో తీయండి. ముందు మామూలు కస్టమర్‌గా ఎంత తగ్గుతుందో తేల్చుకోండి, కాగితం తీసుకోండి, ఆ తర్వాత "సార్, నాది ఫలానా కంపెనీ" అనండి. అప్పుడు తగ్గిందే నిజమైన ఎంప్లాయీ డిస్కౌంట్.

ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలని రూల్ లేదు. థర్డ్ పార్టీ కవర్ మాత్రం 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి మూడేళ్ళు, టూ వీలర్‌కి ఐదేళ్ళు తప్పనిసరి. మిగతాది ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలో మీ ఇష్టం. "బయట తీసుకుంటే డిస్కౌంట్ క్యాన్సిల్" అంటే, అదే మాట కొటేషన్ మీద రాసి సంతకం పెట్టమనండి. అంత ధైర్యంగా రాసేవాళ్ళు తక్కువ. 10 లక్షలు దాటిన కారుకి 1 శాతం టీసీఎస్ పట్టుకుంటారు, అది రిటర్న్ ఫైల్ చేసినప్పుడు క్లెయిమ్ చేసుకోవచ్చు. సేల్స్‌మన్ దాన్ని చెప్పడు, మీ సీఏ కూడా అడిగితేనే చెప్తాడు.

మాట ఇచ్చి తర్వాత బిల్లులో ఎగ్గొడితే? మొదట 1915కి ఫోన్ చేయండి, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్. అది తేలకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్లు నాంపల్లిలో, ఎంజే రోడ్డు మీద చంద్రవిహార్ బిల్డింగ్‌లో ఉన్నాయి. 5 లక్షల దాకా విలువ ఉన్న కేసుకి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. కానీ సేల్స్‌మన్ నోటిమాట అక్కడ నిలబడదు. సంతకం ఉన్న కొటేషన్, వాట్సాప్‌లో వాళ్ళు పంపిన రేటు, బుకింగ్ రసీదు, ఈ మూడూ డెలివరీ అయ్యాక కనీసం రెండేళ్ళు దాచుకోండి. ఫిర్యాదు వేయడానికి చట్టం ఇచ్చే గడువు అదే.