నొప్పి తెలియని పాదం

మధుమేహం అనగానే మీకు రక్తంలో చక్కెర, మూత్రంలో చక్కెర గుర్తుకు వస్తాయి. పాదాలు గుర్తుకు రావు. కానీ మన ప్రాచీనులకు వచ్చాయి. ప్రమేహం రాబోతున్నదని తెలిపే లక్షణాలలో, మూత్రానికి చీమలు పట్టడంతో పాటు కాళ్ళూ చేతులూ మంటలెత్తడాన్నీ, మొద్దుబారడాన్నీ చరక సంహిత పేర్కొన్నది. నేటి వైద్యులు న్యూరోపతీ, అంటే నాడుల జబ్బు, అనేదానికి ఇది చాలా దగ్గర.

ఐరోపాలో ఈ సంబంధం చాలాకాలం తలకిందులుగా అర్థమైంది. 1849లో క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెదడు అడుగుభాగంలో ఒకచోట సూదితో గుచ్చితే మూత్రంలో చక్కెర కనిపించింది. దాంతో నాడులు చెడితే మధుమేహం వస్తుందన్న ఊహకు బలం చేకూరింది. కాదు, మధుమేహం వల్లనే నాడులు చెడుతున్నాయని 1864లో మార్షల్ ద కాల్వీ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పాడు.

1922లో టొరంటోలో ఇన్సులిన్ వైద్యం మొదలైంది. అంతకుముందు కొద్దికాలంలోనే కన్నుమూసే రోగులు దశాబ్దాలు బతకసాగారు. ఆయుష్షు పెరిగిన కొద్దీ నెమ్మదిగా ముదిరే ఉపద్రవాలు బయటపడ్డాయి. ఏళ్ళ తరబడి చక్కెర హెచ్చుగా ఉంటే నాడీతంతువులూ, వాటికి రక్తమందించే సన్నని నాళాలూ దెబ్బతింటాయి. పొడవైన నాడులు ముందుగా చెడతాయి కనుక తిమ్మిరి కాలివేళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది.

అయితే స్పర్శ పోయిన పాదానికి పుండు ఎందుకు పడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మధుమేహ వైద్యశాలలో కాక, మన వేలూరులో కుష్ఠురోగుల మధ్య దొరకడం ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విశేషంగా తోస్తుంది. తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టిన పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు. కుష్ఠు వస్తే మాంసం దానంతట అదే కుళ్ళి వేళ్ళు రాలుతాయని అప్పట్లో జనం నమ్మేవారు. ఆయన ఓపికగా గమనించాడు. వేడిగిన్నె పట్టుకున్నా, చెప్పులో మేకు గుచ్చుకున్నా, నిద్రలో ఎలుక కొరికినా ఆ రోగికి తెలియదు. నొప్పి లేదు కనుక కుంటడు, పుండు మీదనే బరువు వేసి నడుస్తాడు. మెత్తని రబ్బరు అట్ట వేసిన చెప్పులు తొడిగితే, పాదానికి విశ్రాంతి ఇస్తే ఆ పుళ్ళే మానాయి. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ ఇదే పద్ధతి మధుమేహుల పాదాలకూ పనికివచ్చింది. రెండు జబ్బులకూ పోలిక స్పర్శ పోవడంలోనే; మధుమేహం అంటువ్యాధి కాదు.

చక్కెరను గట్టిగా అదుపులో ఉంచితే నాడుల జబ్బు సుమారు 60 శాతం తగ్గిందని 1993లో వెలువడిన అమెరికా, కెనడా పరిశోధన తేల్చింది. అది మొదటి రకం మధుమేహుల మాట. మనలో ఎక్కువమందికి ఉండే రెండో రకంలో ఆ మేలు అంత స్పష్టంగా కనబడలేదు. కాబట్టి చక్కెర అదుపులో ఉన్నవారు కూడా పాదాలు చూసుకోవలసిందే. తిమ్మిరెక్కాయని మీ ఇంట్లో పెద్దవారు వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటుంటే ఆపండి. కాలినా వారికి తెలియకపోవచ్చు. ఏడాదికొకసారైనా పాదాల పరీక్ష చేయమని డాక్టరును అడగండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగుతో అరికాలిలో కొన్నిచోట్ల తాకుతారు. కళ్ళు మూసుకొని, తాకినట్టు తెలిసినప్పుడల్లా చెప్పాలి. నిమిషాల పని.