రామప్ప అడవిలో నాటు తుపాకీ

ములుగు జిల్లా పాలంపేటకు రామప్ప గుడితోనే పేరు. రేచర్ల రుద్రుడు 1213లో ఆ గుడి కట్టించేనాటికి తుపాకి మందు దక్కనుకు ఇంకా రాలేదు. కాకతీయ సేనలు కత్తి, బల్లెం, విల్లుతోనే పోరాడాయి. గుడి చుట్టుపక్కల చెరువుల కింది పల్లెల్లోకి, వాటిని ఆనుకున్న అడవిలోకి నాటు తుపాకీ చాలా తరవాత వచ్చింది. దానికి బర్మారు అనే పేరూ ఉంది. గొట్టం మూతి నుంచి మందు పోసి, గజంతో దట్టించి, రవ్వలు వేసి పేల్చేది అది. ఒకసారి పేలితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మందు చెమ్మగిల్లితే అసలు పేలదు. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి, వేటకు అదే ఆధారంగా ఉండేది.

ఉమ్మడి వరంగల్, నల్గొండ ప్రాంతాల్లో ఈ తుపాకీకి రాజకీయ చరిత్ర కూడా ఉంది. 1946 జూలై 4న కడవెండిలో ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు బలైనప్పుడు సంఘం చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలే. 1947 సెప్టెంబరులో తెలంగాణ సాయుధ పోరాటానికి పిలుపు వచ్చాక, దొరల నుంచి, పోలీసుల నుంచి గుంజుకున్న తుపాకులతో పాటు బర్మార్లూ దళాల చేతికెక్కాయి. 1948లో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంపై జరిపిన పోలీసు చర్య తరవాత దళాలు గోదావరి అడవుల్లోకి తరలాయి. 1951 అక్టోబరులో పోరాటం ఆగింది.

ఆ తరవాత వచ్చిన 1959 ఆయుధాల చట్టం ఈ నాటు తుపాకీని పూర్తిగా కాదనలేదు. నిజంగా పంట కాపలాకే అయితే మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని 13వ సెక్షన్ చెబుతుంది. ఆత్మరక్షణకో వేటకో అడిగే నున్నటి గొట్టం తుపాకీకైతే గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదు. లైసెన్సు లేకుండా గొట్టం కోసి పొట్టి చేయడాన్ని 6వ సెక్షన్ నేరంగా చూస్తుంది. చట్టం భయమంతా ఈ కొలతలోనే కనిపిస్తుంది: పొడుగు తుపాకీ భుజాన పదిమందికీ కనబడుతుంది, పొట్టిది నడుముకు చెక్కుకుంటే ఎవరికీ కనబడదు. నాటు కొలుముల్లో తయారయ్యే తపంచా ఆ రెండో కోవది. లైసెన్సు లేకుండా ఆయుధం తయారు చేస్తే 2019 సవరణ ప్రకారం శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంటుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కళ్లెం పడింది. ఏటూరునాగారం అభయారణ్యం చుట్టుపక్కల తాతల నాటి బర్మారు ఇంట్లో ఉండటమే చిక్కు తెచ్చే పరిస్థితి వచ్చింది. పందులు మాత్రం చేలమీద పడటం మానలేదు. తుపాకీ పోయిన చోటికి అంతకంటే ప్రమాదకరమైనది వచ్చింది: లైను నుంచి దొంగతనంగా లాగిన కరెంటు తీగ. చప్పుడు చేయదు, చీకట్లో కనబడదు, పందికీ పశువుకీ మనిషికీ తేడా చూడదు. 2024 ఫిబ్రవరిలో పొరుగున ఉన్న భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ పోలీసు దళం జవాను ఒకరు, వేటగాళ్లు అమర్చిన అలాంటి తీగ తగిలే ప్రాణం పోగొట్టుకున్నారు.