మొలకల చరిత్ర

తెలుగు వికీపీడియాలో పూర్తికాని చిన్న వ్యాసాన్ని 'మొలక' అంటారు. ఆ పేరు పెట్టింది ఎవరో గానీ, ఇంటర్నెట్‌లో పదిమంది కలిసి చేసే పనుల చరిత్ర చాలావరకు ఆ ఒక్క మాటలో ఉందని నాకనిపిస్తుంది.

1910లలో కొమర్రాజు లక్ష్మణరావు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' తలపెట్టారు. 'అ' అక్షరానికే మూడు సంపుటాలు పట్టాయి. 1923లో ఆయన పోయారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పని అందుకున్నారు, అయినా అది చివరిదాకా సాగలేదు. అచ్చులో అసంపూర్తి అంటే నష్టమే. సగం పుస్తకాన్ని పాఠకుడు ఏం చేసుకుంటాడు?

2000లో మొదలైన న్యూపీడియాదీ ఇదే కథ. జిమ్మీ వేల్స్ పెట్టుబడి, లారీ సాంగర్ సంపాదకత్వం, నిపుణుల చేత ఏడు దశల పరిశీలన. మూతపడేనాటికి పాతిక వ్యాసాలకు మించి గట్టెక్కలేదు. ఈలోపు 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ తయారుచేసిన 'వికీ' పద్ధతి వాళ్ళ కంటబడింది. చదివేవాడే దిద్దొచ్చు! 2001 జనవరి 15న వికీపీడియా మొదలైంది. పూర్తయిన వ్యాసం చూస్తే చదివి వెళ్ళిపోతాం. సగం రాసినదో, తప్పు ఉన్నదో కనబడితే చెయ్యి ఊరుకోదు. జనం చేరింది అక్కడే.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీ పుట్టింది. చర్చించుకునే చోటుకి 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి.

కానీ సమూహం పెరిగేకొద్దీ అసంపూర్తి మీద ఓపిక తగ్గుతుంది. ఇంగ్లీషు వికీలో 2007 తర్వాత చురుగ్గా రాసేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. ఆకతాయి రాతల్ని ఆపడానికి పెట్టిన నియమాలూ, యంత్రాలూ మంచి మనసుతో వచ్చిన కొత్తవాళ్ళని కూడా తరిమేశాయని 2013లో ఏరన్ హాఫేకర్ బృందం తేల్చింది.

మనది వేరే చిక్కు. వేలాది ఊళ్ళకు పేజీలున్నాయి. నేను చదివిన వాటిలో చాలావరకు 2011 జనాభా లెక్కలూ, బడుల వివరాలూ, దగ్గరి పట్నానికి దూరమూ ఉన్నాయి. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో, చెరువు ఎవరు తవ్వించారో చాలాచోట్ల లేదు. ఊళ్ళో ముసలమ్మని అడిగితే చెప్తుంది. ఆవిడ మాట మాత్రం వికీలో ఆధారం కాదు, అచ్చయిన పుస్తకం చూపించాలి. అబద్ధాలని ఆపే నియమమే ఆవిడనీ ఆపుతోంది. నియమం తీసేస్తే పుకార్లు చేరతాయి, అలాగే ఉంచితే ఆ కథలు ఆవిడతోనే పోతాయి.

దీనికి నాకు తోచే దారి ఒక్కటే. ఆవిడ చెప్పింది ముందు ఎవరో ఒకరు రాసి, అచ్చు వేయించాలి. ఆ పని వికీ బయట, ఊళ్ళో మొదలవ్వాలి. ఆ పుస్తకం వచ్చేదాకా ఊరి పేజీ మొలకగానే ఉంటుంది.