కోల్‌కతా పూజా మండపంలో హాగ్వార్ట్స్ కోట: అభిమానానికి, కాపీరైట్‌కు మధ్య గీత ఎక్కడ?

కోల్‌కతా: దుర్గా పూజ రోజుల్లో కోల్‌కతా వీధుల్లో వెలిసే మండపాలు ప్రజాదరణ పొందిన కథలకు, నవలలకు, చలనచిత్రాలకు నిలువెత్తు రూపమిస్తుంటాయి. హ్యారీ పోటర్ చదువుకున్న హాగ్వార్ట్స్ కోట, బాహుబలి ఏలిన మాహిష్మతి ప్రాసాదం ఈ నగరంలో వెదురు, గుడ్డ, ప్లైవుడ్‌తో కొన్నాళ్లపాటు నిలిచి, ఉత్సవం ముగియగానే మాయమయ్యాయి. వీటిలో మొదటిది 2007లో ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. ఒక కల్పిత లోకాన్ని ప్రేమించిన ప్రజలు దానిని తమ చేతులతో మళ్లీ నిర్మించుకోవచ్చా, అందుకు ఎవరి అనుమతి కావాలి అన్న ప్రశ్న ఆ వివాదంతో భారత న్యాయస్థానం ముందుకు వచ్చింది.

పందిరి నుంచి ‘థీమ్’ వరకు

ఆంగ్లంలో వాడుకలో ఉన్న ‘పండాల్’ అనే మాట తమిళ ‘పందల్’ నుంచి వచ్చింది. తెలుగు ‘పందిరి’ దీనికి సోదర పదం. బెంగాలీలు దీనినే ‘ప్యాండెల్’ అంటారు. ఒకప్పుడు జమీందార్ల ఇళ్లకే పరిమితమైన దుర్గా పూజను 1790లో హుగ్లీ జిల్లా గుప్తిపారాలో పన్నెండుమంది మిత్రులు చందాలు పోగుచేసి జరిపారని ప్రతీతి. ‘బారో’ అంటే పన్నెండు, ‘యార్’ అంటే స్నేహితుడు. ఆ విధంగా ‘బారోయారీ’ పూజ అన్న పేరు స్థిరపడింది. కాలక్రమంలో పేటపేటకూ ఒక పూజా కమిటీ ఏర్పడింది.

1985లో ఏషియన్ పెయింట్స్ సంస్థ ఉత్తమ పూజలకు ‘శారద్ సమ్మాన్’ పురస్కారాలు ప్రారంభించింది. కమిటీల మధ్య పోటీ పెరిగింది. కేవలం పందిరి వేసి విగ్రహం నిలిపే పద్ధతికి తోడుగా, ఏదో ఒక ఇతివృత్తాన్ని ఎంచుకుని మండపమంతటినీ దాని చుట్టూ తీర్చిదిద్దే ‘థీమ్ పూజ’ బలపడింది. దేశ విదేశాల దేవాలయాలు, రాజప్రాసాదాలు, పల్లె జీవితం, సమకాలీన సమస్యలు ఇతివృత్తాలయ్యాయి. పిల్లలను, యువతను ఆకట్టుకున్న కాల్పనిక గాథలు కూడా అదే వరుసలో చేరాయి. కుమార్‌టులి శిల్పులు విగ్రహాన్ని, చందన్‌నగర్ కళాకారులు విద్యుద్దీపాలంకరణను సమకూరుస్తుంటే, మండపాన్ని నిర్మించే పని డెకరేటర్లది.

2007: ఎఫ్‌డీ బ్లాక్ వివాదం

హ్యారీ పోటర్ నవలల్లో ఏడవది, చివరిది 2007 జులై 21న విడుదలైంది. అదే నెలలో అయిదవ చిత్రం కూడా తెరపైకి వచ్చింది. ఆ ఉత్సాహం చల్లారకముందే, కోల్‌కతా శివారు సాల్ట్ లేక్‌లోని ఎఫ్‌డీ బ్లాక్ పూజా కమిటీ హాగ్వార్ట్స్ కోట నమూనాలో భారీ మండపాన్ని నిర్మించడం మొదలుపెట్టింది. కోటతోపాటు హాగ్వార్ట్స్ ఎక్స్‌ప్రెస్ రైలు, నవలలోని పాత్రల బొమ్మలు కూడా ఆ ప్రణాళికలో ఉన్నాయి.

రచయిత్రి జె.కె. రౌలింగ్, చిత్ర నిర్మాణ సంస్థ వార్నర్ బ్రదర్స్, పెంగ్విన్ ఇండియా పక్షాన ఢిల్లీ హైకోర్టులో దావా దాఖలైంది. ముందస్తు అనుమతి తీసుకోలేదన్నది ప్రధాన ఆరోపణ. 20 లక్షల రూపాయల పరిహారం కోరినట్లు అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. ఉత్సవంలో లాభాపేక్ష లేదన్నది నిర్వాహకుల వాదన.

2007 అక్టోబర్‌లో న్యాయస్థానం మధ్యేమార్గాన్ని అనుసరించింది. ఉత్సవం వాణిజ్య ప్రయోజనం కోసం జరుగుతున్నది కాదన్న అంశాన్ని పరిగణనలోకి తీసుకుని, మండపాన్ని అక్టోబర్ 26 వరకు ఉంచేందుకు అనుమతించింది. పరిహారం విధించలేదు. అయితే ఇకపై అనుమతి లేకుండా రౌలింగ్ సృష్టిని వాడుకోరాదని నిర్వాహకులను ఆదేశించింది. ఆ విధంగా కోట నిలిచింది, హక్కుదారుల మాట కూడా నిలిచింది.

చట్టం ఏం చెబుతోంది?

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కళాకృతిని ఏ భౌతిక రూపంలోనైనా పునఃసృష్టించే హక్కు దాని యజమానిదే. రెండు కొలతల్లో ఉన్న బొమ్మను మూడు కొలతల్లో నిర్మించడం కూడా ఈ హక్కు పరిధిలోకే వస్తుందని సెక్షన్ 14 స్పష్టంగా పేర్కొంటోంది. అంటే తెరపై కనిపించిన కోటను వెదురుతో కట్టినా, అది చట్టం దృష్టిలో పునఃసృష్టి అయ్యే అవకాశం ఉంది.

మరోవైపు సెక్షన్ 52 కొన్ని మినహాయింపులు ఇస్తోంది. టికెట్ లేని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక సంఘాలు నాటకం వేయడం, నిజమైన మతపరమైన వేడుకలో సాహిత్య, నాటక, సంగీత రచనలను ప్రదర్శించడం ఉల్లంఘన కాదు. కానీ ఈ మినహాయింపులు ప్రదర్శనకు సంబంధించినవి. కోట నమూనా వంటి కళాకృతి నిర్మాణాన్ని అవి నేరుగా ప్రస్తావించలేదు. పూజా మండపం సరిగ్గా ఈ ఖాళీలోనే నిలుస్తోంది.

లాభాపేక్షకు చట్టంలో ప్రాధాన్యం లేకపోలేదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయితే ఆ పని వ్యాపార లాభం కోసం చేసింది కాకపోతే, కారణాలు నమోదు చేసి శిక్షను అంతకంటే తగ్గించే అధికారం న్యాయస్థానానికి ఉంది.

అంతకు ముందు, ఆ తర్వాత

కోల్‌కతా అభిమానానికి హ్యారీ పోటర్ హక్కుదారులతో తలెత్తిన తొలి చిక్కు ఇది కాదు. 2003లో బెంగాలీ రచయిత ఉత్తమ్ ఘోష్ హ్యారీని కోల్‌కతాకు రప్పించి, బెంగాలీ సాహిత్యంలోని ప్రసిద్ధ పాత్రలతో కలిపి ఒక పుస్తకం రాశారు. చట్టపరమైన హెచ్చరిక రావడంతో ప్రచురణకర్త దానిని ఉపసంహరించుకున్నారు. మండపానికి దొరికిన వెసులుబాటు విక్రయానికి పెట్టిన పుస్తకానికి దొరకలేదు.

2008 సెప్టెంబర్‌లో ఇదే తేడా న్యూయార్క్‌లోనూ కనిపించింది. హ్యారీ పోటర్ లోకానికి ఒక అభిమాని ఇంటర్నెట్‌లో కూర్చిన పదకోశాన్ని రౌలింగ్ గతంలో మెచ్చుకున్నారు. అదే పుస్తకంగా అమ్మకానికి సిద్ధం కాగానే ఆమె, వార్నర్ బ్రదర్స్ కోర్టుకు వెళ్లారు. ఫెడరల్ న్యాయమూర్తి ప్రచురణను అడ్డుకుని 6,750 డాలర్ల నష్టపరిహారం విధించారు. అదే నెలలో ఢిల్లీ హైకోర్టు మాత్రం ‘హరి పుత్తర్’ అనే హిందీ చిత్రం పేరుపై వార్నర్ బ్రదర్స్ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. ఆ రెండు పేర్ల మధ్య తేడాను హ్యారీ పోటర్ పాఠకులు గుర్తించగలరని అభిప్రాయపడింది.

కోల్‌కతాలో మాహిష్మతి

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వం వహించిన ‘బాహుబలి’ రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న విడుదలైంది. కొన్ని నెలల్లోనే, ఆ ఏడాది దుర్గా పూజకు లేక్ టౌన్‌లోని శ్రీభూమి స్పోర్టింగ్ క్లబ్ మాహిష్మతి రాజప్రాసాదాన్ని మండపంగా నిలిపింది. కళా దర్శకుడు సాబు సిరిల్ ఊహలో పుట్టి, హైదరాబాద్ శివారు రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్‌గా రూపుదిద్దుకున్న ఆ నగరం బెంగాల్‌లో దుర్గమ్మకు కొలువైంది. ఇదే క్లబ్ 2021లో దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా నమూనాను కట్టినప్పుడు జనసందోహం అదుపు తప్పడంతో ప్రజల ప్రవేశాన్ని మధ్యలోనే నిలిపివేయాల్సి వచ్చింది.

తెలుగు పాఠకులకు ఈ ధోరణి కొత్తది కాదు. 2015లో తొలి భాగం వచ్చిన ఏడాది వినాయక చవితికి, శివలింగాన్ని భుజాన మోస్తున్న బాహుబలి భంగిమలో గణపతి విగ్రహాలు వెలిశాయి. అయితే తెలుగునాట సాధారణంగా దేవుడే కథానాయకుడి వేషం వేస్తే, కోల్‌కతా మండపంలో కథాలోకమే దేవతకు ఇల్లవుతుంది.

సొంత కథలకూ ఇదే లెక్క

ఈ ప్రశ్న విదేశీ కథలకే పరిమితం కాదు. ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి రాసిన గుపీ, బాఘాల భూతాల కథను ఆయన మనుమడు సత్యజిత్ రాయ్ 1969లో ‘గుపీ గాయిన్ బాఘా బాయిన్’గా తెరకెక్కించారు. ఉపేంద్రకిశోర్ 1915లో మరణించినందున మూలకథ ఇప్పుడు అందరిదీ. ఎవరైనా దానిని నిర్మించుకోవచ్చు. చలనచిత్రానికి మాత్రం విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంటుంది కాబట్టి, రాయ్ తెరపై చూపిన రూపాలకు 2029 చివరి వరకు కాపీరైట్ వర్తిస్తుంది. ఈ 60 ఏళ్ల గడువు వెనుకా బెంగాల్ ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలపై హక్కులు 1991తో ముగియనున్న తరుణంలో అప్పటి 50 ఏళ్ల గడువును ప్రభుత్వం 60కి పెంచింది.

మిగిలిన ప్రశ్న

కోల్‌కతా దుర్గా పూజను 2021 డిసెంబర్‌లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మరోవైపు ప్రాయోజకుల ప్రకటనలు, సంస్థల పురస్కారాలు మండపాల చుట్టూ విస్తరించాయి. దర్శనానికి రుసుము లేకపోయినా, మండపం ఆకర్షించే జనం ప్రకటనదారుకు విలువైన వనరు. 2007లో ఎఫ్‌డీ బ్లాక్ కోటను కాపాడింది లాభాపేక్ష లేదన్న ఒక్క అంశమే. నేటి పెద్ద మండపం అదే మాట అంతే గట్టిగా చెప్పగలదా అన్నది తదుపరి వివాదం వచ్చినప్పుడు న్యాయస్థానం తేల్చవలసిన విషయం. అప్పటి వరకు కమిటీలకు సురక్షితమైన దారులు రెండే: గడువు తీరిన కథను ఎంచుకోవడం, లేదా వెదురు పాతకముందే హక్కుదారుకు ఒక ఉత్తరం రాయడం.