ఆవిరి లెక్కలో ధూళి

1832వ సంవత్సరము జనవరి 16వ తేదీన బీగిల్ అను ఓడ ఆఫ్రికాకు పడమటనున్న కేప్ వర్డ్ దీవులలో లంగరు వేసినది. గాలి మసకబారి యుండెను. అతిసూక్ష్మమైన ధూళి రాలుచుండెను. ఓడ కొయ్యపై గాలి దిక్కు తెలుపు పలుచని గుడ్డలో చిక్కిన ఆ ధూళిని చార్లెస్ డార్విన్ పొట్లము కట్టి దాచెను. దానివలన ఓడలోని ఖగోళ పరికరములు కొంత చెడినవనియు వ్రాసెను.

నూటయేబది ఏండ్లకు ఆ వైరము ఆకాశమునకెక్కినది. 1981లో అమెరికా ప్రయోగించిన నోవా-7 ఉపగ్రహము భూమినుండి వెలువడు ఉష్ణకిరణములను రెండు కిటికీలనుండి చూడసాగెను: ఒకటి 11 మైక్రానుల వద్ద, రెండవది 12 వద్ద. నీటి ఆవిరి రెండవదానిని ఎక్కువగా మ్రింగును. ఆ రెండింటి తేడా పెరిగినకొలది గాలిలో తేమ హెచ్చని లెక్క.

ఎడారి ధూళి తీరు దీనికి వ్యతిరేకము. అందలి సిలికేటు ఖనిజములు 11 వద్దనే ఎక్కువ మ్రింగును. ఆవిరి పెంచిన తేడాను ధూళి తుడిచివేయును. తడిగాలిపై ధూళి పరచుకొన్నచో లెక్కలో అది పొడిగాలిగా తేలును.

వట్టి పొరపాటైనచో పట్టుకొనుట సులభము. చిక్కేమనగా, సహారానుండి వచ్చు గాలి నిజముగనే పొడిది. 1972లో కార్ల్‌సన్, ప్రాస్పెరో వర్ణించినట్లు, అది అట్లాంటిక్‌పై సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తునుండి ఐదారు కిలోమీటర్లవరకు పొరగా సాగును. అడుగున సముద్రపు తడిగాలి అట్లే యుండును. ఉపగ్రహము చూపిన పొడిదనములో గాలి వాటా ఎంత, ధూళి వాటా ఎంత? తుపాను బలపడునా, క్రుంగునా యని చెప్పవలసినవారికి ఇది పండితచర్చ కాదు. 2004లో డూనియన్, వెల్డెన్ ఈ రెండు కిటికీల చిత్రముల ఆధారముననే సహారా గాలి తుపానులను అణచగలదనిరి. ఆ చిత్రములలోని పొడిగాలి యంతయు సహారాది కాదనియు, పైనుండి దిగివచ్చిన గాలియు అట్లే కనిపించుననియు 2010లో బ్రౌన్ అభ్యంతరము తెలిపెను. ఈ హెచ్చరిక మాకు న్యాయముగ తోచుచున్నది.

1987నుండి సూక్ష్మతరంగములతో కొలుచు పరికరములు కొంత ఆదుకొన్నవి. సెంటీమీటరుకు మించిన తరంగమునకు కొన్ని మైక్రానుల రేణువు అడ్డే కాదు. అయితే ఇది సముద్రముపైననే చక్కగా సాగును. నేల తానే ఆ తరంగములను బలముగా వెలువరించుటచే ఆవిరి జాడ అందు మునిగిపోవును.

2013 జులై 26న మనదేశపు ఇన్సాట్-3డి ఆ రెండు కిటికీలతోనే పైకి వెళ్లినది. జూన్, జులై నెలలలో అరేబియా ఎడారుల ధూళి అరేబియా సముద్రముపై కమ్ముకొనును. మనకు వానలు తెచ్చు ఆవిరి ఆ ధూళి క్రిందుగనే సాగివచ్చును.